ఏడో పాయింటు నీళ్లు

ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్క తప్పు కూడా చేయలేదని చెప్పుకుంటూ తిరిగేదాన్ని. చెప్పుకోవడమే కాదు, నమ్మేదాన్ని కూడా. కిందటి ఫిబ్రవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం, జర్మనీలోని ఆకెన్‌లో మా ఆఫీసు రెండో అంతస్తులో, ఆ తప్పు నా కళ్ల ముందు స్క్రీన్ మీద ఆడింది. ఒకమ్మాయి మోకాలి లోతు సముద్రంలో నిలబడి సీసాలోకి నీళ్లు పట్టి, గిలక్కొట్టి, పారబోసింది. మళ్లీ పట్టి పారబోసింది. మూడోసారి కూడా అలాగే చేసి, అప్పుడు నింపి మూత పెట్టింది.

"చూసిన్రా మేడమ్?" అన్నాడు ఉమేశ్, వీడియో ఆపి.

చూశాను.

సంగతి మొదటినుంచీ చెబుతాను. మా కంపెనీ పని దేశదేశాల నీళ్లు పరీక్షించి రిపోర్టులు రాయడం. నా పేరు ఛాయాదేవి, ఊరు కాకినాడ దగ్గర, ఇక్కడ పరీక్షల విభాగం నాది. ఉమేశ్‌ది కరీంనగర్. ఇక్కడి యూనివర్సిటీలో చదివేటప్పుడు నా దగ్గరే థీసిస్ రాశాడు. ఇప్పుడు ప్రాజెక్టులకు వాడే హెడ్డు. ఆఫీసులో అందరూ ఒకర్నొకరు పేర్లతోనే పిలుచుకుంటారు కానీ వాడికి మాత్రం నేను మేడమ్‌నే.

ఈ ప్రాజెక్టు కాంబోడియా తీరంలో ఒక చిన్న ఊరిది. ఊరి పేరు రాయను. రాయనని కాగితం మీద సంతకం పెట్టాను. పదేళ్ల కిందట అక్కడ సరుగుడు చెట్లు, పడవలు, ఒడ్డున పీతలు ఉడకబెట్టి అమ్మే ఆడవాళ్ల పాకలు తప్ప ఏమీ ఉండేవి కావట. ఇప్పుడు వరసగా హోటళ్లు. హోటళ్ల ముందు అసలు ఇసుక కొట్టుకుపోతే ఎక్కణ్ణుంచో తెల్ల ఇసుక లారీల్లో తెచ్చి పోశారు, ఒడ్డుకు గోడ కట్టారు. సముద్రం ఊరుకుంటుందా? గోడ దగ్గర ఆపితే గోడ పక్కన కోసింది. పాకలున్న వైపు గట్టు ఏటా విరిగి పడుతోంది. నేను ఉప్పాడ రోడ్డును సముద్రం తినడం చూస్తూ పెరిగినదాన్ని. అక్కణ్ణుంచి వచ్చిన ఫొటోలు నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్కడి పెద్ద హోటల్ మా చేత పరీక్షలు చేయిస్తోంది. నీళ్లు శుభ్రమని కాగితం తెస్తేనే జనాన్ని పంపుతామని ఇక్కడి టూరిస్టు కంపెనీ ఒకటి పట్టుబట్టిందట. ఒడ్డు పొడుగునా తొమ్మిది చోట్ల నీళ్లు పట్టి, మురికి ఎక్కణ్ణుంచి వస్తోందో మేం తేల్చాలి. మురికి ఎవరిదని తేలితే వాళ్లను అక్కణ్ణుంచి లేపేస్తామని ఊరి అధికారులు ముందే ప్రకటించారు. ఐదో పాయింటు పీతల పాకల ముందు. ఏడో పాయింటు హోటల్ వెనక నుంచి వచ్చే తూము సముద్రంలో కలిసేచోట.

వంద మిల్లీలీటర్ల నీళ్లకు, ఐదో పాయింటులో పురుగు వెయ్యీ రెండు వందలు. ఏడో పాయింటులో పందొమ్మిది వేలు. పురుగంటే మనుషుల మలంలో ఉండే బాక్టీరియా. జర్మనీలో ఆ పందొమ్మిది వేలలో పదో వంతు కనబడితే చాలు, చెరువులో ఈత ఆపేస్తారు.

"పురుగు పరీక్ష సీసా కడగొద్దు గద మేడమ్. లోపల తెల్ల పొడి ఉంటది. ఈమె మూడుసార్లు కడిగి పారబోసింది. ప్రోటోకాల్ ప్రకారం శాంపిల్ చెల్లది. ఏడు కొట్టేస్తున్న" అన్నాడు ఉమేశ్.

"మిగతా ఎనిమిది సీసాలో?"

"అవేంది?"

"అవీ ఇలాగే కడిగింది కదా. అవి చెల్లుతాయా?"

కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "అవి నార్మల్‌గనే ఉన్నయి. ఇదొక్కటే ఎక్కడికో పోయింది."

"బాగుందబ్బాయ్. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఏడు తీసేస్తే పెద్ద అంకె ఎక్కడ మిగులుతుంది?"

వాడు మౌసు తీసుకుని వీడియో మూసేశాడు.

"నేను చెబుతాను. ఐదులో మిగులుతుంది. మురికంతా పీతలమ్మేవాళ్లదని మన రిపోర్టే చెబుతుంది."

"మేడమ్, ఆ నీళ్లు వట్టిన సోఫీప్ తల్లి గూడ ఆడనే పీతలమ్ముతది. ఎరుకేనా మీకు? రేపు హోటలోళ్లు అదే అడుగుతరు." గొంతు తగ్గించాడు. "ఈ రిపోర్ట్ పోతే ఇంకో ఐదు బీచ్‌ల పని వస్తది. మీ ఎక్స్‌టెన్షన్ గూడ దాని మీదనే ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పున్రి?"

నేను నోరు తెరిచేలోపే గడియారం చూసుకున్నాడు. కీటా, అదే పిల్లల్ని చూసుకునే బడి, మూసేవేళయింది, కూతురు మాయను తెచ్చుకోవాలని బ్యాగు భుజాన వేసుకున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. భయస్తుడు. రెంటికీ తేడా ఉంది కానీ, ఏడో పాయింటు విషయంలో రెండూ ఒక పనే చేస్తాయి.

వాడు వెళ్లాక తలుపేసుకుని డిసెంబరు నాటి వీడియో తీశాను. సోఫీప్‌కు ఇక్కణ్ణుంచి శిక్షణ ఇచ్చింది నేనే. ఆ రోజు నా ముందు రెండు రకాల సీసాలున్నాయి. రసాయన పరీక్షలకు మామూలువి, పురుగు పరీక్షకు సీలు వేసినవి. సీలు తీస్తే ఆ సీసా ఇక పనికిరాదు. చూపించడం కోసం ఒకటి పాడు చేయడం దేనికి? పెళ్లిలో వచ్చిన గిఫ్టు కాగితం మడతలు పెట్టి దాచుకునే ఇంట్లో పుట్టాను మరి. సీలున్నది పక్కన పెట్టి మామూలు సీసాతోనే మొత్తం చూపించాను. వీడియోలో నా గొంతు ఖణేల్‌మంటోంది. "మూడుసార్లు కడుగు. ఎప్పుడూ మూడుసార్లు." సీలున్నదాన్ని మాత్రం కడగకూడదన్న ముక్క ఎక్కడా లేదు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. లేదు.

మర్నాడు పొద్దున సోఫీప్‌కు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం. ముప్పై ఏళ్ల మనిషి, బళ్లో సైన్సు టీచరు. మాకు పని చేసిపెట్టేది సెలవురోజుల్లో. మా ఇద్దరికీ ఇంగ్లీషే దిక్కు. సీసాలు ఎందుకు కడిగావని అడగ్గానే నోట్‌బుక్ తెచ్చి నా మాటలు నాకే చదివి వినిపించింది. తేదీ, టైముతో సహా రాసుకుంది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

"తప్పు నాదే" అన్నాను.

నోట్‌బుక్ మూసింది. తర్వాత, "అయితే ఏడో పాయింటు ఉండదా?" అంది. "అది లేకపోతే మా అమ్మ వాళ్లను వర్షాకాలంలోపే లేపేస్తారు. మొత్తం ముప్పై పాకలు. ఎక్కడికి పొమ్మంటారో కూడా చెప్పలేదు."

మళ్లీ మాట్లాడతానని పెట్టేశాను.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. ఇంట్లో వాళ్ల మీద, ఆఫీసులో వాళ్ల మీద ఇన్నేళ్లూ నోరు చేసుకున్నదానికి ఆ రోజు వడ్డీతో సహా నాకే తగిలింది. బయట సన్నగా వాన. సగం దారిలో అసలు ప్రశ్న తట్టింది. తప్పు జరిగింది, సరే. ఏ వైపుకు జరిగింది?

సీసాలో ఆ తెల్ల పొడి వేసేది నీళ్లలో క్లోరిన్ ఉంటే దాన్ని విరిచేయడానికి. పొడి లేకపోతే క్లోరిన్ అలాగే ఉండి, సీసా పరీక్షకు చేరేలోపు పురుగును చంపుతూ పోతుంది. అంటే సోఫీప్ కడిగేయడం వల్ల అంకె పెరగదు. మారితే తగ్గాలి. పందొమ్మిది వేలు తగ్గిన అంకె అయితే అసలుది ఎంత?

ఇంకో మాట కూడా ఉంది. పీతలుడకబెట్టే ఆడవాళ్లకు క్లోరిన్ ఎక్కడిది? ఉప్పునీళ్లు, కట్టెలు, కుండలు, అంతే. మురుగును శుద్ధి చేస్తున్నామని చెప్పి తొట్టిలో క్లోరిన్ బిళ్లలు విసిరి వదిలేసేది ఎవరు? నాకు బస్సులోనే నవ్వొచ్చింది, పైకే నవ్వాను. ఎదురు సీటు ముసలాయన నన్ను చూసి బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాడు.

వారం తిరక్కుండా మళ్లీ పరీక్ష పెట్టించాను. ఐదు దగ్గరా ఏడు దగ్గరా జంట సీసాలు. ఒకటి మూడుసార్లు కడిగి, ఇంకోటి కడక్కుండా నింపాలి. సీసా ముంచిన దగ్గర్నుంచి పెట్టెలో పెట్టేదాకా వీడియో ఎక్కడా ఆగకూడదు. నీళ్లలో మందు కలిపి, చిన్న చిన్న గదులున్న ప్లాస్టిక్ పళ్లెంలో పోసి, ఒక రోజు వెచ్చగా ఉంచితే పురుగున్న గదులు నీలం దీపం కింద మెరుస్తాయి. సోఫీప్ బడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్కో గదీ వేలు పెట్టి లెక్కపెట్టి ఫొటోలు పంపింది.

ఐదో పాయింటులో కడిగిన సీసాకీ కడగని సీసాకీ తేడా లేదు. రెండూ పన్నెండు వందల చుట్టుపక్కలే. అక్కడ క్లోరిన్ లేదన్నమాట. ఏడో పాయింటులో కడిగినదానిలో పదిహేడు వేలు. కడగనిదానిలో అరవై ఒక్క వేలు.

నా తప్పు నాకు సిగ్గు తెచ్చింది నిజమే. కానీ ఆ తప్పు జరగకపోతే ఆ నీళ్లు ఎవరి తొట్టిలోంచి వచ్చాయో ఇంత తేటగా తేలేది కాదు.

రిపోర్టు మొదటి పేజీలోనే, జర్మన్‌లో, డొంకతిరుగుడు లేకుండా రాశాను. మొదటి విడత సీసాలు కడగడం పొరపాటు. కడగమని నేర్పింది నేను. నీళ్లు పట్టిన మనిషి నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ మూడు వాక్యాలు రాయడానికి రెండు రోజులు పట్టింది. మిగతా నలభై పేజీలు ఒక రోజులో అయిపోయాయి.

ఉమేశ్ చదివి నా గదికొచ్చాడు. "మేడమ్, మీ తప్పని ఎందుకు రాసుకున్నరు? ఆమె తెలియక జేసిందని రాస్తే అయిపోతుండె."

"అలా రాస్తే ఆమె పట్టిన నీళ్లు ఎవరు నమ్ముతారు?"

"మీ ముప్పై రెండేండ్ల పేరు మేడమ్."

"నా పేరుకేం, నేను మోసుకుంటాను. వాళ్ల పాకలు నువ్వు మోస్తావా?"

రిపోర్టు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో కాఫీకి రాలేదు.

మార్చి మొదటి గురువారం మీటింగు. టేబుల్‌కు ఇటు నేను, ఉమేశ్, మా కంపెనీ యజమాని లిండెమన్. గోడ మీద స్క్రీన్‌లో హోటల్ తరఫు మనిషి, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాలో. రిపోర్టు చివర రెండు సంతకాలుండాలి. పరీక్షించినవారిది ఒకటి, సరిచూసినవారిది ఒకటి. నేను అప్పటికే పెట్టేశాను. ఉమేశ్ చోటు ఖాళీగా ఉంది.

తెల్ల చొక్కా ఆయన నా మొదటి పేజీనే పట్టుకున్నాడు. తప్పు ఒప్పుకున్న మనిషి లెక్కలు ఎలా నమ్మాలన్నాడు. నీళ్లు పట్టింది పీతలమ్మే ఆవిడ కూతురన్నాడు. అదొక కుట్రలా ఉందని నవ్వాడు కూడా.

"నిజమే, నమ్మకండి" అన్నాను. "ఈసారి మీ మనుషులనే పట్టమనండి. రెండు సీసాలు చాలు. ఒకటి కడగండి, ఒకటి కడక్కండి. మీకు నచ్చిన ల్యాబులో చూపించండి. కడగనిదానిలో తక్కువ వస్తే ఈ రిపోర్టు నేనే చించేస్తాను. ఎప్పుడు పట్టిస్తారు? రేపా, ఎల్లుండా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. నీళ్ల గ్లాసు ఎత్తాడు, తాగాడు, పెట్టాడు. దాని అవసరం కనబడటం లేదని, పై వాళ్లతో మాట్లాడాలని ఏదో అన్నాడు. లిండెమన్ పది నిమిషాలు విరామం అడిగి కెమెరా ఆపాడు.

ఆయన మర్యాదస్తుడు, గొంతు పెంచడు. ఏడో పాయింటును అనుబంధంలో పెడదాం, ముగింపులో దాని ఊసు వద్దు అన్నాడు. పెట్టనన్నాను. మీరు జూన్‌లో రిటైరవుతారు, ఎక్స్‌టెన్షన్ సంగతి ఇంకా తేలలేదు అన్నాడు.

"జూన్ వస్తే వెళ్లిపోతాను. ఇది మార్చి. ఈ కాగితం మీద ఉన్నది నా సంతకం. ఏడు లేని కాగితం మీద ఉండదు."

అప్పుడాయన ఉమేశ్ వైపు తిరిగాడు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. నేను తప్పుకుంటే పరీక్షించినవారి చోట అర్హత ఉన్న ఇంకొకరు సంతకం పెట్టొచ్చు. ఆఫీసులో ఆ అర్హత ఉమేశ్ ఒక్కడికే ఉంది. మూడేళ్ల కిందట కాగితాలన్నీ నింపి, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, పుచ్చుకుని, వెంటబడి పరీక్ష రాయించి ఇప్పించింది నేనే. అంత కోపం, అంత భయం ఒక్కసారే నాకెప్పుడూ కలగలేదు.

ఉమేశ్ రిపోర్టు దగ్గరికి లాక్కున్నాడు. పేజీలు తిప్పలేదు. మూసిన అట్ట మీద చెయ్యి పెట్టుకుని నాతో తెలుగులో మాట్లాడాడు. లిండెమన్ ఎదురుగా వాడు ఎప్పుడూ చేయని పని అది.

"ఈ రెండు రోజులు మీ లెక్కలన్నీ మల్ల జేసిన మేడమ్. మూడుసార్లు జేసిన. వీడియోలు గూడ జూసిన. ఏడన్న ఒక్క తప్పు దొరికితే ఏడు కొట్టేద్దామనే జూసిన, అబద్ధమెందుకు."

"దొరికిందా?"

"దొరకలే." ముక్కు రుద్దుకున్నాడు. "పెన్నియ్యున్రి."

నా సంతకం కింద, వాడి చోట, వాడి పూర్తి పేరు రాశాడు. తర్వాత లిండెమన్‌కు జర్మన్‌లో చెప్పాడు, సరిచూశాను, ఏడో పాయింటు ఉంటుంది, ముగింపులోనే ఉంటుంది అని. మాట తడబడింది. సంతకం తడబడలేదు.

ఆ సాయంత్రానికి హోటల్ వాళ్లు మాతో తెగతెంపులు చేసుకున్నారు. అయితే రిపోర్టు టూరిస్టు కంపెనీకి కూడా పంపాలని ఒప్పందంలోనే ఉంది కాబట్టి మరునాడే వెళ్లింది. ఆ ఏడాదికి జనాన్ని పంపడం లేదని వాళ్లు రాశారు. పాకలు లేపే సంగతి 'పరిశీలనలో ఉంది' అని ఊరి అధికారులు అన్నారట. అధికారుల పరిశీలన అంటే మనకు తెలియనిదా? కానీ ఆ వర్షాకాలంలోపు ఒక్క పాక కూడా కదల్లేదు. నాకు ఎక్స్‌టెన్షన్ రాలేదు. ఐదు బీచ్‌లూ చేజారి, ఉమేశ్‌ను దూరాన జార్‌బ్రూకెన్ అనే ఊళ్లో వాననీటి కాలువల పనికి వేశారు. వారానికి రెండుసార్లు రైల్లో పోతూ నాకు ఫోన్ చేసి తిడతాడు. తిట్టడానికైనా చేస్తున్నాడు కదా అని వింటాను.

మే నెలలో, నా ఆఖరి వారాలు నడుస్తుండగా, లిండెమన్ పిలిచాడు. ఆయన స్క్రీన్ మీద ఒక ఫొటో. తూము సముద్రంలో కలిసేచోట, పడవ చెక్కలు రెండు కలిపి మేకులు కొట్టి, నీలం రంగు వేసి నిలబెట్టిన బోర్డు. పైన వాళ్ల ఖ్మేర్ భాష అక్షరాలు. మధ్యలో ఎంత దూరం నుంచైనా కనబడేట్టు 61,000. దాని కింద ఈత కొడుతున్న పిల్లవాడి బొమ్మ, బొమ్మ మీద ఎర్ర గీత. పక్కన పీతలమ్మే ఆడవాళ్లు ఏడెనిమిది మంది నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. హోటల్ వాళ్లు ఇప్పటికి మూడుసార్లు పీకేశారట. మూడుసార్లూ తెల్లారేసరికి ఇంకోటి లేచిందట.

ఆ అంకె మన రిపోర్టులోది, రహస్యం, బయటికి ఎలా పోయింది అన్నాడు లిండెమన్.

"అంకె సోఫీప్‌ది" అన్నాను. "నీళ్లు పట్టింది ఆమె, గదులు లెక్కపెట్టింది ఆమె. రహస్యమని మన చేత సంతకాలు పెట్టించుకున్నారు, ఆమె చేత పెట్టించుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆమెను మనిషి కింద లెక్కేస్తే కదా."

"కింద మీ పేరు కూడా ఉందని హోటల్ వాళ్లు రాశారు" అన్నాడు. నిజమే. ఆఖరి వరసలో చిన్న అక్షరాలున్నాయి. నాకు ఖ్మేర్ రాదు. అక్కడే నిలబడి సోఫీప్‌కు మెసేజ్ పెట్టి అడిగాను. వెంటనే జవాబొచ్చింది. 'ఈ లెక్క నిజమని చెప్పిన మనిషి ఛాయాదేవి, జర్మనీ. మీకు అభ్యంతరమా?'

ఇన్నేళ్లలో నా పేరు వందల రిపోర్టుల చివర పడింది. ఎవరూ దాన్ని బోర్డు మీద రాసి ఎండలో నిలబెట్టలేదు.

పేరు వెంటనే తీసేయమని ఆమెకు రాయండి, ఇది కంపెనీ మాట, అన్నాడు లిండెమన్. నా చేతిలో ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఎదురుగానే టైపు చేశాను.

'పేరు అలాగే ఉంచు. బోర్డు పైపైన గుచ్చితే పీకేస్తూనే ఉంటారు. ఈసారి నడుం లోతు తవ్వి, సిమెంటు పోసి పాతండి.'

"రాశారా?" అన్నాడాయన.

"రాశాను" అన్నాను.